గేరు బిరడలా, కొయ్య బిరడలా: తంత్రీ వాద్యానికి ఏవి తగినవి?

వయొలిన్, వయోలా, చెల్లో వాయించేవారికి శ్రుతి చేసుకోవడం ప్రతి రోజూ తప్పని పని. ఆ పని తేలికగా ముగిస్తే మిగిలిన సమయమంతా సంగీతానికే దక్కుతుంది. తీగను బిగించే బిరడ జారుతూనో, బిగుసుకుపోయో మొరాయిస్తే మాత్రం సాధనకు కూర్చున్నవారి ఓపిక మొదటి పది నిమిషాల్లోనే హరించుకుపోతుంది. అందుకే తలలోనో ఒంటిలోనో చిన్న గేర్లు దాచుకున్న బిరడల వైపు ఈమధ్య చాలామంది చూస్తున్నారు. అవి నిజంగా మంచి సాధనాలే. అయితే వాటిని కొనే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఇప్పుడున్న ఇబ్బంది బిరడ రంధ్రంలో సరిగా కూర్చోకపోవడం వల్ల వస్తున్నదా, లేక బిరడ ఎంత బాగా కూర్చున్నా దానితో సూక్ష్మంగా శ్రుతి కుదర్చడం చేతికి సాధ్యం కావడం లేదా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు, వీటికి మందులు కూడా వేర్వేరు.

కొయ్య బిరడ ఎలా పనిచేస్తుంది

కొయ్య బిరడ నిర్మాణంలో దాగినదేమీ లేదు. ఎబొనీ, రోజ్‌వుడ్, బాక్స్‌వుడ్ వంటి గట్టి కొయ్యతో చేసిన బిరడ తలవైపు లావుగా ఉండి, కొసకు పోనుపోను సన్నబడుతుంది. నేటి వయొలిన్ బిరడలలో ఈ వాలు సాధారణంగా 1:30 ఉంటుంది, అంటే 30 మి.మీ. పొడవుకు వ్యాసం 1 మి.మీ. తగ్గుతుంది. పెగ్‌బాక్స్ (బిరడలు గుచ్చే పెట్టె) రెండు గోడలలోని రంధ్రాలను కూడా అదే వాలుతో తొలుస్తారు కనుక, బిరడను తిప్పుతూ కొద్దిగా లోపలికి నొక్కితే అది రెండు చోట్లా ఒకేసారి బిగుసుకుంటుంది. తీగ బిగువుకు ఎదురు నిలిచేది ఆ రాపిడి ఒక్కటే.

రాపిడి మీద ఆధారపడిన ఏ అమరికకైనా గాలిలోని తేమే పెద్ద శత్రువు. గాలి పొడిబారినప్పుడు కొయ్య కుంచించుకుని బిరడ పట్టు వదులుతుంది, రాత్రి సరిగా శ్రుతి చేసి పెట్టిన వాద్యం తెల్లవారేసరికి తీగలు వేలాడేసుకుని కనిపిస్తుంది. తేమ పెరిగినప్పుడు అదే కొయ్య ఉబ్బి, బిరడ రెండు చేతులతో తిప్పినా కదలనంతగా బిగుసుకుపోతుంది. పైగా కొయ్య అన్ని దిశలలోనూ ఒకేలా కుంచించుకోదు. నార పొడవునా దాదాపు మారకుండా, నారకు అడ్డంగా ఎక్కువగా మారుతుంది. అందువల్ల గుండ్రంగా తొలిచిన రంధ్రం, గుండ్రంగా చెక్కిన బిరడ రెండూ కాలక్రమంలో కొద్దిగా కోడిగుడ్డు ఆకారానికి వస్తాయి. తిప్పుతున్నప్పుడు ఒకచోట సాఫీగా సాగి, ఇంకొకచోట పట్టేసి, ఆపైన టక్కున దాటే బిరడకు చాలా సందర్భాల్లో ఉన్న వ్యాధి ఇదే.

దీనిని ఎవరైనా ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒక తీగను మాత్రమే వదులు చేసి, దాని బిరడను బయటకు తీసి వెలుతురులో చూడండి. పెగ్‌బాక్స్ గోడలు తగిలే రెండు చోట్ల బిరడ చుట్టూ మెరిసే వలయాలు కనిపిస్తాయి. రెండు వలయాలూ ఒకే వెడల్పుతో, చుట్టూ తెగకుండా ఉంటే బిరడ చక్కగా కూర్చున్నట్లే. అప్పుడు బిరడలకు రాసే పేస్టు కొద్దిగా రాస్తే చాలు, చాలా ఇబ్బందులు అక్కడితో తీరుతాయి. ఒక వలయం మాత్రమే మెరుస్తూ రెండవది మసకగా ఉన్నా, మెరుపు అక్కడక్కడా తెగిపోయినా, బిరడ వాలుకు రంధ్రం వాలు కుదరడం లేదని అర్థం. దానికి పేస్టు గానీ సుద్ద గానీ శాశ్వత పరిష్కారం కావు. వాద్యాల మరమ్మతు తెలిసిన నిపుణులు బిరడను మళ్లీ చెక్కి, రంధ్రాన్ని రీమరుతో (రంధ్రం తొలిచే పనిముట్టుతో) సరిచేయాలి. రంధ్రం మరీ పెద్దదైపోతే దానిని కొయ్య బుషింగుతో పూడ్చి కొత్తగా తొలవాలి.

ఈ పని శ్రద్ధగా చేయించిన కొయ్య బిరడ మీద నాకు గొప్ప గౌరవం ఉంది. అది తేలికగా ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుంది, అందులో విరిగే భాగాలు లేవు, ఎక్కడికి తీసుకువెళ్లినా మరమ్మతుకు లొంగుతుంది. గేరు బిరడల ప్రకటనలు చదివి కొయ్య బిరడలే పనికిరానివి అనుకోవడం అన్యాయం. చాలామందిని విసిగించింది కొయ్య బిరడ కాదు, సరిగా అమర్చని కొయ్య బిరడ.

సూక్ష్మత దగ్గరే అసలు తేడా

అయితే ఎంత బాగా అమర్చినా కొయ్య బిరడ దాటలేని హద్దు ఒకటి ఉంది. బిరడ తల ఎంత తిరిగితే తీగ చుట్టుకునే కాండం కూడా అంతే తిరుగుతుంది. వయొలిన్‌లో అన్నిటికంటే హెచ్చు స్వరం పలికే E తీగనే తీసుకుందాం. సాధారణ ఉక్కు తీగ వ్యాసం సుమారు 0.26 మి.మీ.; శ్రుతిలో ఉన్నప్పుడు దాని బిగువు దాదాపు 8 కిలోల బరువుకు సమానం. ఉక్కు స్వభావాన్ని బట్టి లెక్క వేస్తే, టెయిల్‌పీస్ (తీగల కింది కొసలను పట్టి ఉంచే భాగం) నుండి బిరడ దాకా ఉన్న తీగ మొత్తం ఆ బిగువుకు సాగేది సుమారు 3 మి.మీ. మాత్రమే. ఇక 7 మి.మీ. లావున్న కాండాన్ని ఒక్క డిగ్రీ తిప్పితే తీగ దాదాపు 0.06 మి.మీ. లాగబడుతుంది. వినడానికి అది ఏమీ కాదనిపిస్తుంది, కానీ ఆ కాస్తకే స్వరం సుమారు 15 సెంట్లు మారిపోతుంది. అర్ధస్వరానికి 100 సెంట్లు కనుక, ఒక డిగ్రీ తిప్పడంలోనే చెవికి స్పష్టంగా తెలిసేటంత అపశ్రుతి ఉంది. రాపిడితో నిలిచే బిరడను అర డిగ్రీ, పావు డిగ్రీ కదపడం అనుభవజ్ఞులకు కూడా కష్టం. అది కదలదు, కదిలితే ఒక్కసారిగా రెండు మూడు డిగ్రీలు దూకుతుంది.

గట్ (జంతువుల పేగుతో చేసిన) తీగలు, కృత్రిమ నార కోరుతో (లోపలి పోగుతో) చేసిన తీగలు ఇంతకంటే ఎన్నో రెట్లు సాగుతాయి కనుక వాటిని కొయ్య బిరడతోనే హాయిగా శ్రుతి చేయవచ్చు. అందుకే అటువంటి తీగలు వాడే వాదకులు ఒక్క ఉక్కు E తీగకు మాత్రమే టెయిల్‌పీస్ దగ్గర ఫైన్ ట్యూనర్ (తీగ బిగువును కొద్దికొద్దిగా మార్చే చిన్న మర) పెట్టుకుని, మిగిలిన మూడింటినీ బిరడలతోనే సర్దుకుంటారు. నాలుగూ ఉక్కు కోరు తీగలైతే నాలుగు ఫైన్ ట్యూనర్లు దాదాపు తప్పనిసరి. కనుక ఏ బిరడ కావాలన్నది ఏ తీగలు వాడుతున్నారన్న దానిని బట్టి కూడా మారుతుంది. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు.

ఫైన్ ట్యూనర్లతో సరిపెట్టుకోవచ్చా

ఖర్చు తక్కువలో, వాద్యం కొయ్యను ఏమాత్రం తాకకుండా సూక్ష్మతను తెచ్చిపెట్టేవి ఫైన్ ట్యూనర్లే. కొత్తగా నేర్చుకునేవారికి నాలుగు ఫైన్ ట్యూనర్లు లోపలే అమర్చిన టెయిల్‌పీస్ మంచి ఎంపిక. మామూలు టెయిల్‌పీస్‌కు విడివిడిగా నాలుగు లోహపు ట్యూనర్లు తగిలించడం మాత్రం నేను సిఫారసు చేయను. అవి టెయిల్‌పీస్ బరువు పెంచుతాయి, బ్రిడ్జ్ (తీగలను ఎత్తి నిలిపే కొయ్య పలక) వెనుక తీగ పొడవును తగ్గిస్తాయి. ఇంకొక ప్రమాదం కూడా ఉంది: మరను పూర్తిగా బిగించినప్పుడు దాని కింది మీట వాద్యం పైపలక దాకా దిగి వార్నిష్‌ను గీకేయవచ్చు.

ఫైన్ ట్యూనర్‌కు పరిధి చిన్నది. తీగ పావు స్వరం తగ్గితే అది సరిచేస్తుంది, రెండు స్వరాలు జారిపోతే చేయలేదు. అంటే జారే బిరడకు ఫైన్ ట్యూనర్ మందు కాదు. పొడిగాలికి బిరడలు వదిలేసే వాద్యానికి ఎన్ని ఫైన్ ట్యూనర్లు పెట్టినా ప్రతిసారీ మొదట బిరడతో కుస్తీ పట్టక తప్పదు.

గేరు బిరడ లోపల ఏముంది

గిటార్ తల మీద కనిపించే యంత్రంలో వర్మ్ గేరు (మరచుట్ల కడ్డీ పళ్ల చక్రాన్ని తిప్పే అమరిక) ఉంటుంది. అందులో తిప్పే మీట, తీగ చుట్టుకునే కడ్డీ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి కనుక ఆ అమరిక బయటకు పొడుచుకు వస్తుంది. వయొలిన్ కుటుంబానికి వాడే గేరు బిరడలలో ఉండేది ప్లానెటరీ గేరు: నడుమ ఒక చిన్న చక్రం, దాని చుట్టూ తిరిగే మరికొన్ని చక్రాలు, వాటన్నింటినీ చుట్టి లోపలి వైపు పళ్లున్న వలయం. ఇందులో తిప్పే తల, తిరిగే కాండం ఒకే ఇరుసు మీద ఉంటాయి, కాబట్టి యంత్రమంతా మామూలు బిరడ ఆకారంలోనే ఇమిడిపోతుంది, దూరం నుండి చూసేవారికి తేడా తెలియదు.

వాడుకలో తెలియవలసిన ముఖ్య విషయం ఏమిటంటే, బిరడ బయటి తొడుగు పెగ్‌బాక్స్ గోడలో కదలకుండా కూర్చుని ఉంటుంది, లోపలి కాండం మాత్రమే తిరుగుతుంది. కొయ్యకూ కొయ్యకూ మధ్య రాపిడి అన్నదే ఉండదు కనుక రంధ్రం అరిగిపోదు, ఋతువు మారినా తిప్పడంలో తేడా రాదు. తలను లోపలికి నొక్కవలసిన అవసరం కూడా లేదు. చేతిలో బలం లేని పిల్లలకు, వేళ్ల కీళ్లు నొప్పిపుట్టే పెద్దవారికి ఇది ఎంత ఊరటనిస్తుందో మాటల్లో చెప్పలేం; శ్రుతి చేసుకోలేక వాద్యాన్నే పక్కన పెట్టే పరిస్థితిని అది తప్పిస్తుంది.

4:1 లేదా 8.5:1

వయొలిన్ కుటుంబానికి దొరికే గేరు బిరడలలో రెండు నిష్పత్తులు ప్రసిద్ధం. నిల్లింగ్ పేరుతో వచ్చే పర్ఫెక్షన్ బిరడలు, వాటి తోబుట్టువుల వంటి పెగ్‌హెడ్స్ 4:1 నిష్పత్తివి. మెట్రోనోములకు పేరుపొందిన జర్మనీ సంస్థ విట్నర్ తయారుచేసే ఫైన్‌ట్యూన్ బిరడలు 8.5:1 నిష్పత్తివి. మొదటి రకంలో తలను పూర్తిగా ఒక చుట్టు తిప్పితే కాండం 90 డిగ్రీలు తిరుగుతుంది. రెండవ రకంలో దాదాపు 42 డిగ్రీలే. ఇందాకటి E తీగ లెక్కనే ఇక్కడ పెడితే, తల ఒక డిగ్రీ తిరిగినప్పుడు మార్పు 4:1 బిరడతో సుమారు 4 సెంట్లు, 8.5:1 బిరడతో 2 సెంట్ల లోపు.

ఈ అంకెలే ఎంపికను సగం తేల్చేస్తాయి. కృత్రిమ కోరు తీగలకు 4:1 నిష్పత్తి పుష్కలంగా సరిపోతుంది, తీగ మార్చేటప్పుడు కూడా విసుగు కలగదు. ఉక్కు E తీగకు మాత్రం 4:1 కాస్త కరుకుగానే ఉంటుంది కనుక ఆ ఒక్క ఫైన్ ట్యూనర్‌ను ఉంచుకోవడమే మంచిది. 8.5:1 బిరడలతో E తీగను కూడా బిరడ దగ్గరే పూర్తిగా శ్రుతి చేయవచ్చు. నాలుగూ ఉక్కు తీగలు వాడే చెల్లో వాదకులకు నా సలహా సందేహం లేకుండా 8.5:1. అందులో ఉన్న అసౌకర్యం ఒక్కటే: కొత్త తీగ ఎక్కించేటప్పుడు తలను ముప్పైసార్లకు దగ్గరగా తిప్పవలసి రావచ్చు. తీగలను తరచుగా ఒక స్వరం, రెండు స్వరాలు మార్చి వేర్వేరు శ్రుతులలో వాయించేవారికి ఆ ఆలస్యం చికాకు కలిగిస్తుంది. వారికి 4:1 తగినది.

రూపం విషయంలో విట్నర్ బిరడల తల నల్లని కాంపొజిట్ పదార్థంతో ఉంటుంది. అది నాణ్యమైనదే, కానీ దగ్గరగా చూస్తే కొయ్య కాదని తెలుస్తుంది. పెగ్‌హెడ్స్ రకంలో ఎబొనీ, రోజ్‌వుడ్ తలలు దొరుకుతాయి. వాద్యం అందం మీద మమకారం ఉన్నవారు దీనిని చిన్న విషయంగా తీసిపారేయనక్కరలేదు.

అమరిక, వెనక్కి తిరగలేని పనులు

నా దృష్టిలో నిష్పత్తికంటే పెద్ద తేడా ఇక్కడే ఉంది. పర్ఫెక్షన్, పెగ్‌హెడ్స్ బిరడలకు తలవైపు తొడుగు మీద మరచుట్లు ఉంటాయి. బిరడను రంధ్రంలోకి తిప్పుతూ బిగిస్తే ఆ చుట్లు కొయ్యను కోసుకుంటూ దిగి పట్టుకుంటాయి. విట్నర్ బిరడలు మరచుట్లు గానీ జిగురు గానీ లేకుండా, తొడుగు మీది సన్నని గరుకు గీతల పట్టుతోనే రంధ్రంలో బిగుసుకుంటాయి. తరువాత ఎప్పుడైనా తీసి కొయ్య బిరడలు పెట్టాలంటే రెండవ రకం కొయ్యకు తక్కువ హాని చేస్తుంది.

ఏ రకమైనా రంధ్రం కొలత కుదరాలి. తయారీదారులు కొన్ని నిర్ణీత వ్యాసాలలోనే బిరడలను ఇస్తారు, రంధ్రం అంతకంటే చిన్నదైతే రీమరుతో పెద్దది చేయాలి. ఒకసారి తొలిచిన కొయ్య తిరిగి రాదు. మళ్లీ పాత బిరడకు మారాలంటే లావుపాటి కొత్త బిరడో, బుషింగో కావాలి. అరిగిపోయి ఇప్పటికే పెద్దవైన రంధ్రాలున్న వాద్యానికి మాత్రం ఇది కలిసివచ్చే అంశం: బుషింగు చేయించే బదులు ఆ రంధ్రానికి తగిన పెద్ద వ్యాసపు గేరు బిరడను పెట్టవచ్చు.

అమరికను సొంతంగా చేసుకోవాలనుకునేవారికి ఒక హెచ్చరిక. నాలుగు బిరడలనూ మార్చడానికి నాలుగు తీగలనూ ఒకేసారి తీసేస్తే బ్రిడ్జ్ పడిపోతుంది, దానితోపాటు లోపల జిగురు లేకుండా కేవలం ఒత్తిడితో నిలిచి ఉన్న సౌండ్‌పోస్ట్ అనే కొయ్య పుల్ల కూడా పడిపోవచ్చు. దానిని తిరిగి నిలబెట్టడం ప్రత్యేక పనిముట్టుతో నిపుణులు చేసే పని. రీమరు పట్టడం అలవాటు లేనివారు ఈ పని నిపుణులకే అప్పగించాలి.

గేర్లు పాడైతే ఏమిటన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. అవి పాడవడం అరుదు, కానీ పాడైతే ఇంట్లో విప్పి బాగుచేసే వీలు లేదు, ఆ బిరడనే మార్చాలి. దూరప్రాంతాలలో కచేరీలు చేసేవారు ఒక అదనపు బిరడను దగ్గర ఉంచుకోవడం వివేకం.

మిగిలిన వాద్యాలు

ఉకులేలేకు గోటో సంస్థ చేసే యూపీటీ రకం 4:1 ప్లానెటరీ బిరడలు చక్కగా నప్పుతాయి. నైలాన్ వంటి తీగలు బాగా సాగుతాయి కనుక అక్కడ అంతకంటే ఎక్కువ నిష్పత్తి అక్కరలేదు. గిటార్ తరహా వర్మ్ యంత్రాలు ఆ చిన్న తలకు బరువై, వాద్యం తలవైపు వాలేలా చేస్తాయి. బాంజోకు 4:1 ప్లానెటరీ ఎంతోకాలంగా ప్రామాణికం. వాటి గుండీ కొసన ఉండే మరతో బిగుతును సర్దుకోవచ్చు. డబుల్ బేస్‌కు వర్మ్ యంత్రమే ఉంటుంది కనుక అక్కడ ఈ చర్చకే తావు లేదు. ఆరేడు గట్ తీగలున్న వయోలా ద గాంబా వాదకులకు మాత్రం 4:1 బిరడలు గట్టిగా ఆలోచించదగినవి, ఎందుకంటే గట్ తేమకు ఊరికే చలిస్తుంది, తీగలేమో ఎక్కువ.

ఎవరికి ఏది

నేర్చుకుంటున్నవారి ఆధునిక వయొలిన్‌కు, బిరడలు ఇప్పటికే వదులైన వాద్యానికి, ఏ పరిమాణపు చెల్లోకైనా, చేతి బలం తక్కువైన వాదకులకు గేరు బిరడలు పెట్టించమని నేను నిస్సంకోచంగా చెబుతాను. బిరడలు సరిగా కూర్చుని, కృత్రిమ కోరు తీగలతో, శ్రుతి చేయడం చేతికి అలవాటైన వాదకులు మార్చనక్కరలేదు. ఆ డబ్బు మంచి తీగలకు, బ్రిడ్జ్ సవరణకు పెట్టడం మేలు. పాతకాలపు విలువైన వాద్యమైతే రంధ్రాన్ని తొలిచే ఏ నిర్ణయానికైనా ముందు అటువంటి వాద్యాలను చూసే నిపుణుల అభిప్రాయం తీసుకోవాలి, వీలైతే మరచుట్లు లేని రకాన్నే ఎంచుకోవాలి. చాలా చవకైన వాద్యానికి బిరడల ఖర్చు వాద్యం ధరకు దగ్గరగా వస్తున్నదంటే, లోపలే ట్యూనర్లు ఉన్న టెయిల్‌పీస్, మళ్లీ అమర్చిన కొయ్య బిరడలు చాలు.

నాదం మెరుగవుతుందన్న ఆశతో మాత్రం గేరు బిరడలు కొనవద్దు. ఫైన్ ట్యూనర్లు తీసివేసి తేలికైన టెయిల్‌పీస్ పెట్టడం వల్ల కొన్ని వాద్యాలలో చిన్న మార్పు వినిపించవచ్చు, కానీ అది ఎటువైపు ఉంటుందో ముందుగా చెప్పలేం.

పెట్టించుకున్న తరువాత

గేరు బిరడ తీర్చని ఇబ్బందులు కొన్ని మిగులుతాయి. నట్ (పెగ్‌బాక్స్ ముందు తీగలు ఆనే చిన్న పట్టీ) గాడిలో తీగ పట్టేస్తే బిరడ ఎంత సూక్ష్మమైనదైనా స్వరం ఆగి ఆగి దూకుతుంది. గాడిలో మెత్తని పెన్సిల్ ముల్లుతో కొద్దిగా గ్రాఫైట్ రాస్తే ఆ పట్టు పోతుంది. స్వరం హెచ్చైనప్పుడు తగ్గిస్తూ వచ్చి ఆపేయకుండా, కావలసినదానికి కాస్త కిందికి దిగి మళ్లీ పైకి రావాలి. అప్పుడు గేర్ల మధ్య సందు పూడి, తీగ నిలకడగా ఉంటుంది. పాత అలవాటుకొద్దీ తలను గట్టిగా లోపలికి నొక్కకూడదు. మరచుట్లు లేని రకంలో బిరడ మొత్తం తొడుగుతో సహా రంధ్రంలో తిరుగుతున్నట్లు అనిపించినప్పుడు మాత్రం, దానిని మితమైన ఒత్తిడితో లోపలికి నొక్కి మళ్లీ కూర్చోబెట్టాలి.

అన్నిటికంటే ఎక్కువగా బ్రిడ్జ్‌ను గమనించాలి. ఫైన్ ట్యూనర్లు వాడినప్పుడు తీగ టెయిల్‌పీస్ వైపు కూడా లాగబడేది. ఇప్పుడు ప్రతి సవరణా బిరడ వైపు నుండే జరుగుతుంది కనుక, బ్రిడ్జ్ పైఅంచు రోజురోజుకూ వెంట్రుకవాసి చొప్పున ఫింగర్‌బోర్డు వైపు వాలుతుంది. వారానికొకసారి పక్క నుండి చూసి, దాని వెనుక ముఖం పైపలకకు లంబంగా ఉందో లేదో సరిచూసుకోవాలి. వాలి ఉంటే వాద్యాన్ని ఒడిలో పెట్టుకుని, రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లతో బ్రిడ్జ్ పైఅంచును పట్టుకుని, పాదాలు కదలకుండా మెల్లగా వెనక్కి జరిపి, మళ్లీ శ్రుతి చూసుకోవాలి.